దుమ్ము లాట్ల బేరంలో స్లాగ్ మాట మరవరాదు

నగల పనివారి దుకాణాల దుమ్ము, పగిలిన మూసల ముక్కలు, పాలిష్ గదుల ఊడ్పు లాట్లుగా చేతులు మారేటప్పుడు ధరను నిర్ణయించేది పరీక్షశాల ఇచ్చే ఒక్క అంకె: టన్నుకు ఇన్ని గ్రాముల బంగారం. అమ్మినవారి రిపోర్టుకు, కొన్నవారి రిపోర్టుకు పొత్తు కుదరనప్పుడు వర్తకులు ముందుగా నమూనా తీసిన తీరును అనుమానిస్తారు. అది న్యాయమే. కాని మూసలోని స్లాగ్ సంగతి అడిగేవారు తక్కువ.

నగల స్వచ్ఛత పరీక్షతో దీనిని కలపరాదు. అక్కడ నగ తునకను సీసపు రేకులో చుట్టి నేరుగా క్యూపెల్‌లో పెడతారు గనుక స్లాగ్ ప్రసక్తి లేదు. దుమ్ముకైతే ముందు మూస పని ఉంది. మెత్తగా నూరిన నమూనాను, సాధారణంగా 30 గ్రాములు, లిథార్జ్ అనే సీసపు ఆక్సైడు, సోడా, వెలిగారం, ఇసుక, కాస్త గోధుమపిండితో కలిపి 1,000 డిగ్రీలు దాటిన వేడిలో సుమారు గంటసేపు కరిగిస్తారు. పిండి వల్ల లిథార్జ్‌లో కొంత సీసంగా మారి, సన్నని చినుకులుగా దిగుతూ బంగారాన్ని, వెండిని కూడగట్టుకొని అడుగుకు చేరుతుంది. మట్టి, తుప్పు గాజులా పైన తేలుతాయి. ఆ గాజే స్లాగ్.

చినుకులు దిగాలంటే గాజు పలచగా ఉండాలి. ఇసుక పాలు మించితే అది ముదురు పాకంలా సాగి సీసాన్ని, దానితో బంగారాన్ని తనలోనే పట్టి ఉంచుతుంది. సోడా, లిథార్జ్ మించితే మూస గోడనే తింటుంది. పాలిష్ ఊడ్పు మరీ చిక్కు సరకు. అందులోని ఎమరీ పొడి చాలావరకు అల్యూమినా. సులభంగా కరగదు, వెలిగారం ఎక్కువ కోరుతుంది. అన్ని లాట్లకూ ఒకే పాళ్లు వేసే పరీక్షశాల ఇక్కడే దెబ్బ తింటుంది. గంధకం ఉన్న సరకులో సీసానికీ స్లాగ్‌కూ నడుమ పెళుసు పొర ఏర్పడి బంగారాన్ని మింగుతుంది. దానికి విరుగుడు తగుపాటి సురేకారం.

మంచి స్లాగ్ చల్లారాక సుత్తి దెబ్బకు గాజులా పగిలి, సీసపు గుండు నుంచి శుభ్రంగా విడిపోతుంది. ముక్కల్లో సీసపు రవ్వలు కనిపించరాదు. రంగు చూసి భయపడనక్కరలేదు. ఇనుము ఉంటే నల్లబడుతుంది.

ఈ నష్టం ఎప్పుడూ అంకెను తగ్గిస్తుందే గాని పెంచదు. అంటే భారం అమ్మినవారిదే. 30 గ్రాముల నమూనాలో మిల్లీగ్రాములో పదో వంతు స్లాగ్‌లో చిక్కితే టన్నుకు 3.33 గ్రాములు తగ్గినట్లు. 600 కిలోల లాటుపై 2 గ్రాములు! తరుగు దగ్గర మిల్లీగ్రాములకు పోట్లాడే మనవారు దీన్ని ఎందుకు వదిలేస్తారో తెలియదు.

నమూనాను మూడు పొట్లాలుగా సీలు వేసి, అమ్మేవారికి ఒకటి, కొనేవారికి ఒకటి, మధ్యవర్తి పరీక్షకు ఒకటి ఉంచడం మంచి పద్ధతి. బేరం కాగితంలో మరొక్క వాక్యం చేర్చుకోవచ్చు: తగవు తీరేవరకు స్లాగ్ దాచాలని, అవసరమైతే నూరి తిరిగి కరిగించి, దొరికిన బంగారాన్ని లెక్కలో కలపాలని. స్లాగ్ పారేశామని జవాబు వస్తే మూడో పొట్లం విప్పవలసిందే.