క్రైస్తవ సంఘమున ఆరాధన : పదార్థవిచారము

తెలుఁగు పాఠశాలలలో నొక చిక్కు కలుగుట గలదు. క్రైస్తవ కుటుంబమునకుఁ జెందిన బాలుఁడు తన వ్యాసమున ‘ఆదివారము ఆరాధనకుఁ బోయితిమి’ అని వ్రాయును. పండితుఁడు దానిని ‘ఆదివారము పూజ చేసితిమి’ అని దిద్దును. ఆరాధన యనునది చేయవలసిన పనియే కాని పోవలసిన చోటు కాదు గదా యని యాయన తలంపు. తలంపు మంచిదే, కాని దిద్దుబాటువలన వాక్యార్థమే మాఱిపోయినది. పూజ యొక్కఁడును జేయవచ్చును. ఆరాధనకుఁ బోవుట యనఁగాఁ బెక్కండ్రు కూడిన చోటికిఁ బోయి వారితోఁ గలిసి యొక క్రియలోఁ బాల్గొనుట. ఈ భేదమును గ్రహించిననే క్రైస్తవులు ఆరాధనకేల యింత ప్రాధాన్య మొసఁగిరో తెలియును. దీనిని శబ్దశాస్త్రదృష్టితో విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. మతముల తారతమ్యనిర్ణయము మా యుద్దేశము గాదు.

స్వాదిగణమునఁ బఠింపఁబడిన రాధ్ ధాతువునకు సంసిద్ధి, అనఁగాఁ జక్కఁగా నెఱవేఱుట, యర్థము. ఆఙ్ అను నుపసర్గముతోఁ గూడి, ప్రేరణార్థమున ణిచ్చు చేరఁగా ‘ఆరాధయతి’ యగును. ప్రసన్నునిఁ జేయుట, తృప్తిపఱచుట దాని యర్థము. దీనిపై స్త్రీలింగమున యుచ్ ప్రత్యయము వచ్చి ‘ఆరాధనా’ శబ్దమును, నపుంసకమున ల్యుట్టు వచ్చి ‘ఆరాధనము’ను సిద్ధించును. తెలుఁగునఁ దొలిదాని తుది హ్రస్వమై ‘ఆరాధన’ యైనది. మనలో నీ పదమునకు వేఱొక రూఢియుఁ గలదు. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి యారాధన, తిరువయ్యాఱున త్యాగరాజస్వామి యారాధన యనునపుడు మహాత్ములు దేహము చాలించిన తిథియందు జరుపు నుత్సవ మని యర్థము. క్రైస్తవుల వాడుక వీనికి భిన్నమైనది.

ఆ వాడుక మూలమును దెలియ నితర భాషలను గొంత చూడవలయును. బైబిలు పూర్వభాగము ప్రధానముగా హీబ్రూభాషలోను, ఉత్తరభాగము గ్రీకుభాషలోను వెలసినవి. హీబ్రూలో నీ భావమును దెల్పు పదములలో నొకటి సాఁగిలపడుట యను నర్థము గలది, మఱియొకటి ‘అవోదా’. ఈ రెండవ దానికి శ్రమించి చేయు పనియు, దేవునికిఁ జేయు సేవయు రెండును అర్థములే. గ్రీకున ‘ప్రొస్కునేసిస్’ అనఁగా మ్రొక్కుట. ‘లత్రేయా’ యనఁగా సేవ. ‘లెయితూర్గియా’ యనునది యేథెన్సు నగరమున ధనికుఁడైన పౌరుఁడు తన సొమ్ము వెచ్చించి పురజనులకొఱకుఁ జేయు కార్యమునకుఁ బేరు. పిదప దేవసేవాక్రమమున కన్వయించినది. అమరకోశమునను ఉపాసనాశబ్దము శుశ్రూషా పరిచర్యా శబ్దములతోఁ జేర్చి పఠింపఁబడినది. కావున దైవారాధనకును సేవకును గల చుట్టఱికము మనకుఁ గ్రొత్తది గాదు. కతోలికులు తమ ప్రధానకర్మను ‘దివ్యబలిపూజ’ యందురు. ప్రొటెస్టంటు సంఘములలో ‘ఆరాధన’ నిలిచినది. వీనితోపాటు ‘కూడిక’ యను దేశ్యపదమును వారిలో వ్యాప్తమై యున్నది. అసలు రహస్యమును విప్పి చెప్పునది యీ చిన్నపదమే యని నా యభిప్రాయము.

క్రియాస్వరూపమును దెలియఁ గోరువాఁడు దాని కారకములను విచారింపవలయును గదా. ఆ మార్గముననే పోదము.

మొదట కర్త. క్రైస్తవారాధనమునకుఁ గర్త సంఘము. ముందు నిలిచి నడపు గురువు గాని పాదిరి గాని యొంటిగాఁ గర్త గాఁడు. సంఘమునకు గ్రీకున ‘ఎక్లేసియా’ యని పేరు. పౌరులను బిలిచి కూర్చిన సభ యని లోకమున దాని యర్థము. మన సంఘశబ్దమును హన్ ధాతువునకు సమ్ అను నుపసర్గము చేరఁగా గణార్థమున సిద్ధించినదే. ఈ కర్తృత్వము తొలినాళ్లనుండియుఁ గలదు. క్రీ. శ. 112 ప్రాంతమున బితూనియా దేశాధికారియైన ప్లినీ రోమక చక్రవర్తి యగు ట్రాజనునకు వ్రాసిన లేఖలో, క్రైస్తవులు నియతదినమునఁ దెల్లవాఱకమున్నే కూడి క్రీస్తును దేవునిగా నెంచి వంతులవారిగాఁ బాడుదురనియు, దొంగతనము మొదలగు దుష్కార్యములు చేయమని ప్రతిజ్ఞ గైకొందురనియుఁ, బిదప మఱలఁ గూడి సామాన్యాహారము భుజింతురనియుఁ దెల్పెను. వారిని శిక్షించిన యధికారి సాక్ష్య మగుటచే నిది విశ్వసనీయము. 150 ప్రాంతమున జస్టిను అను పండితుఁడు రోమునగరమున వ్రాసిన గ్రంథమున నీ క్రమము మఱింత స్పష్టముగా నున్నది. ఆదివారమున నూళ్లవారును బల్లెలవారును నొక్కచోటఁ గూడుట, గ్రంథపఠనము, అధ్యక్షుని హితోపదేశము, అందఱు లేచి ప్రార్థించుట, రొట్టెను ద్రాక్షారసమును దెచ్చుట, అధ్యక్షుఁడు కృతజ్ఞత చెల్లింపఁగా జనులు ‘ఆమేన్’ అనుట, కూడినవారికిఁ బంచి రానివారికిఁ బంపుట, కలవారి కానుకలతో ననాథలను విధవలను రోగులను బోషించుట: ఇది యా వరుస. నేఁటి యారాధనకు నిదియే చట్రము. అందు ‘ఆమేన్’ అను నొక్కమాట చాలును. అధ్యక్షుఁడు పలికిన ప్రార్థనను జనులు తమదిగాఁ జేసికొనుట యది.

ఇఁకఁ గర్మ. కర్త తన క్రియచేఁ బొంద మిక్కిలి గోరునదియే కర్మ మని వైయాకరణుల మతము. ఇచ్చట నది పరమేశ్వరుఁడు. తండ్రిని, గుమారుని ద్వారమునఁ, బరిశుద్ధాత్మయం దారాధించుట యని క్రైస్తవ వేదాంతులు వివరింతురు. దేనికిని గొఱఁత లేని దేవునికి నరుల స్తుతితోఁ బని యేమి యని శంక పుట్టును. దీనికి వారి సమాధానము: ఆరాధనచే దేవునికిఁ గలుగు లాభము లేదు, ఆరాధకుఁడే చక్కఁబడును. రాధ్ ధాతువునకుఁ గల సంసిద్ధి యను నర్థ మిచ్చట నెంతయుఁ బొసఁగుచున్నది. మఱియు యూదులు యెరూషలేము దేవాలయమునఁ జేయు బలికర్మలు క్రీ. శ. 70లో నా యాలయము కూలుటతో నిలిచినవి. క్రైస్తవులు క్రీస్తు సిలువమరణమునే యేకైక బలిగా భావించి, రొట్టెను ద్రాక్షారసమును గైకొని దానిని స్మరింతురు.

మూఁడవది కరణము; క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది. పఠనము, గానము, సంస్కారములు కరణములు. వీని కన్నిటికి నాధారము భాష. జనులే కర్తలైనపుడు జనుల భాషయే కరణము గావలయును. 1719లో తరంగంబాడికి వచ్చిన జర్మను దేశీయుఁడు బెంజమిన్ షుల్జ్ 1732 నాఁటికి బైబిలును దెలుఁగు చేసెను గాని యది యచ్చుపడలేదు. ఆయన పూనికతో 1746లో జర్మనీలోని హాలే పట్టణమునఁ గొన్ని తెలుఁగు పొత్తములు ముద్రితములైనవి. విశాఖపట్టణమున పనిచేసిన దెగ్రాంజి తెలిఁగించిన సువార్తలు 1812లో శ్రీరామపురమున నచ్చైనవి. అయినను జదువురాని జనులకు వచనగ్రంథ మెట్లు కరణ మగును? ఆ కొఱఁతను దీర్చినది కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలగువారు రాగతాళయుక్తముగా రచించిన పాటలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటమునఁ జేరి, యక్షరము లెఱుఁగని కూలివాని నోటను నిలిచినవి. మన సంకీర్తన సంప్రదాయము వారికి వాహన మైనది. కతోలికుల బలిపూజ చిరకాలము లాటిను భాషను జరిగెడిది. 1963 డిసెంబరు 4వ తేదీన రెండవ వాటికను మహాసభ యారాధనక్రమమును గూర్చి వెలువరించిన శాసనముతో దేశభాషల కవకాశము గలిగినది. అందఱు భాగస్వాములు గావలయు ననుటయే యా మార్పునకుఁ గారణముగాఁ జెప్పఁబడినది.

నాలుగవది సంప్రదానము, ఎవని నుద్దేశించి యిత్తుమో వాఁడు. కానుక దేవునికే యర్పింపఁబడును. కాని యది చేరునది బీదలయొద్దకు నని జస్టిను వర్ణనలోనే చూచితిమి. తెలుఁగు సంఘములలో గృహిణి వంటకుఁ దీసిన బియ్యమునుండి పిడికెఁడు వేఱుగాఁ దీసి దాఁచి, ఆదివారమున సమర్పించు వాడుక గలదు. కోఁతల పండుగకు ధాన్యము, కాయగూరలు, కోళ్లు తెత్తురు. డబ్బు లేని యింటికిని దాతృత్వ మిచ్చిన యేర్పా టిది. బలిపీఠమునొద్దకుఁ గానుక తెచ్చినవాఁడు తనపై సోదరునికిఁ గోప మున్నదని తలఁచెనేని, కానుక నచ్చటనే విడిచి పోయి సమాధానపడి మఱల రావలయునని క్రీస్తు బోధించెనని మత్తయి సువార్తలో నున్నది. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన నేర్పడి, 1950లో వెలువరించిన యారాధనక్రమమున నొకరి చేతు లొకరు పట్టి సమాధాన మిచ్చుకొను విధి చేర్పఁబడుటకు భావ మిదియే.

ఐదవది యపాదానము, దేనినుండి విడివడుదుమో యది. పాపమునుండి విడివడుట యని సామాన్యముగాఁ జెప్పుదురు. కాని మన దేశమున నీ కారకము మిక్కిలి కఠినమైన పరీక్ష యైనది. కొరింథు పట్టణమునఁ గలవారు ముందుగాఁ దిని, లేనివా రాఁకలితో నుండఁగా, నది ప్రభువు భోజనము గాదని పౌలు మందలించెను. అట్టి మందలింపునకు మన యొద్దను దా వేర్పడినది. తమిళ దేశపు సంఘములలో వర్ణభేదముతోఁ గూర్చుండుటయు, సంస్కారము గైకొనుటయు నుండఁగా, 1833లో కలకత్తా బిషపు డానియేలు విల్సను దానిని మానిపింప నాజ్ఞ వెడలించెను. తెలుఁగునాట మాలలును మాదిగలును వేలకొలఁదిగాఁ గ్రైస్తవులైనను, వారిలో వారికే సహపంక్తి లేకుండెను. 1912 డిసెంబరు 29వ తేదీన ఆంగ్లికను సంఘమునఁ దొలి భారతీయ బిషపుగా నభిషిక్తుఁడైన వేదనాయకం శామ్యూలు అజరయ్య దోర్నకల్లు కేంద్రముగాఁ బనిచేయుచు, సంఘమునఁ గులమునకుఁ దా వుండరాదని బోధించెను. అందఱు నొక్క రొట్టెను, నొక్క పాత్రను బంచుకొనుట యచ్చట సంస్కారము మాత్రమే గాదు, సాహసము గూడ.

ఇచ్చట నొక పాణినీయ విషయము స్మరణీయము. ‘చి’ ధాతువునుండి ‘నికాయ’ శబ్దమును సాధించుచు నాచార్యుఁడు, ప్రాణుల సంఘము వాచ్యమై, అం దౌత్తరాధర్యము లేనపుడే యా రూప మగునని నియమించెను. ఔత్తరాధర్య మున్నచో ‘నిచయ’ మనవలయును. పందుల గుంపును వృత్తికారు లుదాహరించిరి. అచ్చటి యౌత్తరాధర్య మొకదానిపై నొకటి పడియుండుటయే కాని కులభేదము గాదు. అయినను పోలిక తగియున్నది. మీఁదు క్రిందు లున్నంతవఱకు నది గుంపు. అవి తొలఁగిననే సంఘము. ఈనాఁటికిని గొన్నిచోట్లఁ గులమునుబట్టి వేఱు ప్రార్థనాలయములు, వేఱు శ్మశానములు నుండుట చూడ, నీ యపాదానము పూర్తిగా సిద్ధింపలేదనుట సత్యము.

తుద కధికరణము. కాలాధికరణ మాదివారము, క్రీస్తు పునరుత్థానదిన మని దాని ప్రాశస్త్యము. 321లో కాన్‌స్టంటైను చక్రవర్తి దానిని విశ్రాంతిదినముగా శాసించెను. దేశాధికరణమునకు మన ప్రాంతమున గొప్ప నిదర్శనములు గలవు. మెదకు మహాదేవాలయమును చార్లెసు వాకరు పాస్నెట్టు కఱవుకాలమున జనులకుఁ బని కల్పించి యాహార మిచ్చుచుఁ గట్టించెను. 1924 డిసెంబరు 25వ తేదీన నది ప్రతిష్ఠితమైనది. అచ్చటఁ బనియు నారాధనయు నొక్కటియే యనెడి ‘అవోదా’ శబ్దార్థము ఱాతిలో నిలిచినది. 1939లోఁ బ్రతిష్ఠితమైన దోర్నకల్లు దేవాలయమున గుమ్మటములును, మన మండపముల తీరుం గలసి యున్నవి. 1969లో భారతీయ కతోలికులు పాదరక్షలు విడుచుట, అంజలి ఘటించుట, హారతి యిచ్చుట మొదలగు పండ్రెండు పద్ధతుల కనుమతి వడసిరి. అయినను మహాదేవాలయ మారాధనకు నిత్యాపేక్షితము గాదు. ఈ కొండపైఁ గాని యెరూషలేమునఁ గాని కాదు, ఆత్మతోను సత్యముతోను నారాధింపవలయునని సమరయ స్త్రీకిఁ గ్రీస్తు చెప్పెనని యోహాను సువార్త తెల్పుచున్నది. హైదరాబాదునుండి నాగార్జునసాగరము పోవు త్రోవలో, ఇబ్రహీంపట్నమున కావలనున్న మా యాచారము వంటి యూళ్లలోఁ జాప పఱచిన యొక గదియు నీ క్రియ కధికరణము గాఁజాలును.

ఏకాంతప్రార్థనము నిషిద్ధము గాదు. తలుపు మూసికొని ప్రార్థింపుమని సువార్తయే చెప్పుచున్నది. మనలోను భజనగోష్ఠులు గలవు గావున సాముదాయిక భక్తి యొక్కరి సొత్తు గాదు. కాని క్రైస్తవమతమునఁ గూడుట యారాధనకు నలంకారము గాదు, స్వరూపమే. 2020లో కోవిడువ్యాధిచే దేవాలయములు మూయఁబడి, చరవాణి తెరపైఁ బ్రసంగములు వినిన దినములలో వారిలోఁ బెక్కండ్రు పడిన వెలితి యీ హేతువువలననే. ప్రసంగము వినఁబడినది, పాట వినఁబడినది, ప్రక్కనున్నవాఁడు లేఁడు.

కావున బోధకు లారాధనాశబ్దమును వివరించునపుడు పూజకుఁ బర్యాయ మని విడువక, సంఘకర్తృకమైన దైవసేవ యని చెప్పుట యుక్తము. పొరుగువారి పదమును వారి యర్థముతో గ్రహించుట పండితుల ధర్మము. ఆ పదమున కెల్ల కారకములును సమకూర్చుట వారి పని. అం దపాదానమునకే యింకను శ్రమ గావలసియున్నది.