దుకాణానికి నెట్: కేబుల్ ఆయన దగ్గరా, ఫోన్ కంపెనీ దగ్గరా? సంతకం పెట్టేముందు చూడాల్సిన లెక్క

హిందూపురం మండీ దగ్గర జీఎస్టీ పడే సరుకు లోడైన లారీ నిలబడి ఉంది అనుకుందాం. సరుకు సరిహద్దు దాటి గౌరిబిదనూరు వైపు వెళ్లాలి. విలువ 50 వేల రూపాయలు దాటింది కాబట్టి ఈ-వే బిల్లు లేకుండా లారీ కదలకూడదు. సరిగ్గా అప్పుడే దుకాణంలో నెట్ పోయింది. కేబుల్ ఆయనకు ఫోన్ చేస్తే "కంపెనీ నుంచే రావట్లేదు భాయ్" అంటాడు. కంపెనీకి ఫోన్ చేస్తే "మీ లోకల్ ఆపరేటర్‌ను అడగండి" అంటారు. మధ్యలో లారీ డ్రైవర్ హారన్ కొడుతుంటాడు.

పదేళ్ల క్రితం ఇలాంటి ఇబ్బంది పెద్ద వ్యాపారులకే ఉండేది. ఇప్పుడు జెరాక్స్ సెంటర్ నుంచి పట్టుచీరల షాపు వరకు అందరికీ ఉంది. అందుకే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లాంటి ఊళ్లలో చిన్న దుకాణాల కోసం కేబుల్ వాళ్లు, ఫోన్ కంపెనీలు పోటీ పడుతున్నారు. పోటీ వల్ల రేట్లు తగ్గాయన్నది నిజమే. కానీ దుకాణదారుడు చూడాల్సింది రేటు ఒక్కటే కాదు.

ఈ పోటీ ఎలా మొదలైంది?

ఒకప్పుడు దుకాణంలో ఫోన్ అంటే ప్రభుత్వ టెలిఫోన్ శాఖదే. 2000 అక్టోబర్ 1 నుంచి ఆ పని బీఎస్ఎన్ఎల్ చేతికి వచ్చింది. 2005లో అదే రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ కూడా మొదలుపెట్టింది. కేబుల్ ఆపరేటర్ల దారి వేరు. 1995లో వచ్చిన కేబుల్ టీవీ చట్టం ప్రకారం పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకుని, వీధి వీధికి వైరు లాగి టీవీ చానళ్లు ఇచ్చేవాళ్లు. ఒకరిది మాట, మరొకరిది బొమ్మ. ఇద్దరికీ తగాదా ఉండేది కాదు.

ఫైబర్ వచ్చాక ఆ గీత చెరిగిపోయింది. వెంట్రుక అంత సన్నని గాజు తీగలో మాట, బొమ్మ, నెట్ మూడూ వెళ్తాయి. అమెరికాలో ఇది ముందే జరిగింది. అక్కడ 1996లో వచ్చిన టెలికాం చట్టం కేబుల్ కంపెనీలు ఫోన్ ఇవ్వడానికి, ఫోన్ కంపెనీలు టీవీ ఇవ్వడానికి దారి తెరిచింది. ఇళ్ల కోసం వేసిన కేబుల్ ఎలాగూ దుకాణాల ముందు నుంచే పోతోంది కదా అని కేబుల్ కంపెనీలు చిన్న వ్యాపారుల మీద పడ్డాయి. అంతవరకు ఆ వ్యాపారులంతా ఫోన్ కంపెనీల ఖాతాదారులే.

మన దగ్గర ఆ పని పెద్ద ఎత్తున చేసింది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్. 2015లో ఏర్పడిన ఈ సంస్థ భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోన్ కలిపి ఇస్తామన్నారు. ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చే పని మాత్రం ఊళ్లో కేబుల్ ఆపరేటర్లకే అప్పగించారు. దాంతో టీవీ బిల్లు వసూలు చేసే మనిషే నెట్ అమ్మే మనిషి అయ్యాడు.

ఫోన్ కంపెనీలు ఊరుకోలేదు. 2018లో రిలయన్స్ జియో మాతృసంస్థ హాత్‌వే, డెన్ అనే రెండు పెద్ద కేబుల్ కంపెనీల్లో మెజారిటీ వాటా కొనేసింది. 2019 సెప్టెంబర్ 5న జియో ఫైబర్ మొదలైంది. బీఎస్ఎన్ఎల్ కూడా తన ఫైబర్‌ను లోకల్ భాగస్వాముల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ భాగస్వాముల్లో చాలామంది పాత కేబుల్ ఆపరేటర్లే.

పేరు ఎవరిదైనా నిచ్చెన ఒకరిదే

ఇక్కడే దుకాణదారుడు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఉంది. బయటికి కేబుల్‌కీ ఫోన్ కంపెనీకీ పోటీ అని కనిపిస్తుంది. వీధిలోకి వచ్చేసరికి చాలాచోట్ల స్తంభం ఎక్కేది ఒకే మనిషి. ఒకే ఆపరేటర్ ఒక వీధిలో ఒక కంపెనీ పేరుతో, పక్క వీధిలో ఇంకో కంపెనీ పేరుతో కనెక్షన్ ఇస్తుండవచ్చు. అందుకే "ఏ కంపెనీ మంచిది?" అని అడిగితే సగం జవాబే వస్తుంది. "మా బజార్లో రిపేరుకు ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు?" అని అడగాలి. ఆ జవాబు చెప్పగలిగేది పక్క దుకాణాల వాళ్లే.

కేబుల్ ఆపరేటర్ తన సొంతంగా నెట్ అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. టెలికాం శాఖ నుంచి ఇంటర్నెట్ లైసెన్స్ ఉండాలి, లేదా లైసెన్స్ ఉన్న కంపెనీకి భాగస్వామిగా ఉండాలి. లైసెన్సుల్లో మూడు రకాలున్నాయి. 'ఏ' దేశమంతటికీ, 'బి' ఒక రాష్ట్ర సర్కిల్‌కీ, 'సి' ఒక చిన్న ప్రాంతానికీ. కాబట్టి కనెక్షన్ తీసుకునేటప్పుడు బిల్లు మీద ఏ లైసెన్స్ కంపెనీ పేరు ఉందో చూడాలి. పేరే లేకుండా నెలనెలా చేతికి డబ్బు తీసుకుపోతుంటే, రేపు గొడవ వస్తే ఎవరి మీద ఫిర్యాదు చేయాలో కూడా తెలియదు. పక్క షాపు వైఫై పంచుకోవడం కూడా మంచిది కాదు. ఆ లైన్ మీద ఎవరైనా మోసం చేస్తే పోలీసులు ముందు వెతికేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లనే.

ఊరిని బట్టి అవసరం

అన్ని దుకాణాలకూ ఒకే రకం లైన్ అక్కర్లేదు. కిరాణా, మటన్ షాపు, పండ్ల బండి లాంటి వాటికి అసలు వైరు కనెక్షనే అవసరం లేకపోవచ్చు. క్యూఆర్ కోడ్‌కు కస్టమర్ ఫోన్లోని డేటా చాలు. "డబ్బు అందింది" అని చెప్పే సౌండ్ బాక్స్‌లో దాని సిమ్ దానికే ఉంటుంది. ఆ పేరు చెప్పి ఎవరైనా నెట్ అమ్మబోతే తొందరపడక్కర్లేదు.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం సంగతి వేరు. దూరంలో ఉన్న కొనుగోలుదారుడికి వీడియో కాల్‌లో చీర అంచు, కొంగు, రంగు చూపించాలి. ఇక్కడ కావాల్సింది అప్‌లోడ్ స్పీడ్, అంటే దుకాణం నుంచి బయటికి వెళ్లే స్పీడ్. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో వేసేది మాత్రం ఎక్కువగా డౌన్‌లోడ్ స్పీడ్. రెండూ అడిగి రాయించుకోవాలి. లేకపోతే కొనేవాడికి మెరూన్ చీర మసక ముద్దలా కనిపిస్తుంది, బేరం చెడుతుంది.

పెనుకొండలో 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలయ్యాక చుట్టూ లాడ్జీలు, హోటళ్లు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు, స్పేర్ పార్ట్స్ షాపులు పెరిగాయి. పెద్ద ఫ్యాక్టరీలు తమకు మాత్రమే కేటాయించిన లీజ్డ్ లైన్ తీసుకుంటాయి. చిన్న ఆఫీసుకు అంత ఖర్చు కుదరదు. అది తీసుకునే మామూలు ఫైబర్ చాలామంది పంచుకునే లైన్. ఒక ఫైబర్‌ను చీల్చి 32 కనెక్షన్ల దాకా ఇవ్వడం మామూలే. అందుకే 100 ఎంబీపీఎస్ అని చెప్పినా, రాత్రి అందరూ సినిమాలు చూసే వేళకు అంత రాకపోవచ్చు. పగలు పని చేసే ఆఫీసుకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. కానీ లాడ్జీకి రద్దీ ఉండేదే రాత్రి. రంజాన్ నెలలో అర్ధరాత్రి దాకా తెరిచే బట్టల షాపులకూ అంతే. అలాంటివాళ్లు పక్క దుకాణంలో రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి స్పీడ్ చూసి అప్పుడు తీసుకోవడం మంచిది.

చవక లైన్ నిజంగా చవకేనా?

ఇప్పుడు అసలు లెక్క. ఒక ఫోన్ కంపెనీ ప్లాన్ నెలకు 500 రూపాయలు అనుకుందాం. దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 90 రూపాయలు. మొత్తం 590. ఏడాదికి 7,080. కేబుల్ ఆయన "బిల్లు గిల్లు లేదు, 550 ఇవ్వండి చాలు" అంటాడు. ఏడాదికి 6,600. చూడ్డానికి 480 రూపాయలు మిగిలినట్టే.

కానీ దుకాణం రెగ్యులర్ జీఎస్టీలో రిజిస్టర్ అయి ఉంటే లెక్క తిరగబడుతుంది. ఫోన్ కంపెనీ బిల్లు మీద దుకాణం జీఎస్టీ నంబరు ఉంటే ఏడాదికి కట్టిన 1,080 రూపాయల పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వాడుకోవచ్చు. అప్పుడు అసలు ఖర్చు 6,000 మాత్రమే. బిల్లు లేని 'చవక' లైన్ 600 రూపాయలు ఎక్కువ పడినట్టు.

దుకాణం కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే, లేదా అసలు రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న దుకాణమైతే ఈ క్రెడిట్ రాదు. వాళ్లకు 6,600 లైనే తక్కువ. అయినా వాళ్లు కూడా రసీదు అడగాలి. పన్ను పరిధిలోకి రాని చిన్న ఆపరేటర్ జీఎస్టీ వేయకపోవడం తప్పు కాదు, కానీ రసీదు ఇవ్వకపోవడానికి అది సాకు కాదు. కనెక్షన్ ఇచ్చేటప్పుడే జీఎస్టీ నంబరు నమోదు చేయించాలి. నంబరు లేకుండా వచ్చిన పాత బిల్లులు తర్వాత సరిచేయించుకోవడం పెద్ద తలనొప్పి.

బోర్డు మీద ఉన్న నంబరు ఏమవుతుంది?

పాత దుకాణాల బోర్డుల మీద, బిల్లు పుస్తకాల మీద 08556తో హిందూపురం నంబరో, 08559తో ధర్మవరం నంబరో ఇప్పటికీ కనిపిస్తుంది. తాతల కాలం నుంచి కస్టమర్లకు తెలిసిన నంబరు అది. మొబైల్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకున్నట్టు ల్యాండ్‌లైన్ నంబరును మార్చుకునే సౌకర్యం మన దేశంలో లేదు. కంపెనీ మారితే నంబరు పోయినట్టే. బీఎస్ఎన్ఎల్ రాగి తీగ నుంచి బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌కు మారేటప్పుడు మాత్రం చాలాచోట్ల అదే నంబరు ఉంచుతారు. ముందుగా అడిగి రాయించుకోవాలి. ఒక్క ఇంటర్నెట్ లైసెన్స్ మాత్రమే ఉన్న కంపెనీ ఊరి ల్యాండ్‌లైన్ నంబరు ఇవ్వలేదు.

ఇంకో తేడా కూడా ఉంది. పాత రాగి తీగ ఫోన్ కరెంటు పోయినా పనిచేసేది, ఎందుకంటే దానికి కావాల్సిన కరెంటు ఎక్స్‌ఛేంజ్ నుంచే వచ్చేది. గాజు తీగలో కరెంటు రాదు. దుకాణంలో కరెంటు పోతే ఫైబర్ పెట్టె ఆగిపోతుంది, దానితో పాటు ఫోన్ కూడా. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

లైన్ పోతే ఎవరిని పట్టుకోవాలి?

మొదట కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ఆపరేటర్‌కు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడం ఫిర్యాదు కిందికి రాదు. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పీల్ అధికారికి వెళ్లాలి. రిపేరు రోజుల తరబడి ఆగితే అద్దెలో తగ్గింపు ఇవ్వాలన్న నియమం ట్రాయ్ సేవా ప్రమాణాల్లో ఉంది. రాకపోతే అడగాలి. ట్రాయ్ మాత్రం ఒక్కొక్కరి ఫిర్యాదును తానే తేల్చదు.

అప్పటికీ కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం గొడవలు అక్కడ వినవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "మీది వ్యాపార కనెక్షన్, మీరు వినియోగదారుడు కాదు" అని ఎవరైనా అంటే వెంటనే వెనక్కి తగ్గక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొని వాడుకునే వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదు, సేవల మాట మాత్రం ఆ వివరణలో స్పష్టంగా లేదు. చిన్న దుకాణదారుడు ఈ అంశాన్ని ఎత్తి వాదించవచ్చు. కానీ కమిషన్ ముందు మాట నిలవాలంటే చేతిలో బిల్లు, ఫిర్యాదు నంబరు ఉండాలి.

రెండు దారులు ఉంచుకోండి

లైన్ పోతే ఆ రోజు గిరాకీ పోయేంత పని ఉన్నవాళ్లు రెండో దారి ఉంచుకోవాలి. రెండు కంపెనీల ఫైబర్ తీసుకున్నా రెండూ ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తుంటే ఒక్క లారీ తగిలినా రెండూ తెగుతాయి. అందుకే మొదటిది వైరు అయితే రెండోది సిమ్ మీద నడిచేది కావాలి. ఫైబర్ ఒక కంపెనీది అయితే సిమ్ ఇంకో కంపెనీది ఉంటే ఇంకా మేలు. చాలా దుకాణాలకు ఫోన్లోని హాట్‌స్పాట్ చాలు. సీసీ కెమెరాలు, బిల్లింగ్ మిషన్లు నడిచేచోట సిగ్నల్ బాగుంటే 5జీ రౌటర్ గురించి ఆలోచించవచ్చు.

మొదట చెప్పిన లారీ సంగతికి వస్తే, ఆ వ్యాపారి ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ఈ-వే బిల్లు తీసుకుంటే పది నిమిషాల్లో లారీ కదులుతుంది. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని చూసుకోవాల్సినవి నాలుగు: బిల్లు మీద కంపెనీ పేరు, తన జీఎస్టీ నంబరు, అప్‌లోడ్ స్పీడ్, రిపేరుకు వచ్చే మనిషి ఫోన్ నంబరు. ఈ నాలుగూ కాగితం మీద ఉంటే కేబుల్ ఆయన దగ్గర తీసుకున్నా, ఫోన్ కంపెనీ దగ్గర తీసుకున్నా పెద్దగా నష్టపోయేది ఉండదు.