ఇద్దరు ఎక్కెడి విమానము – బరువు లెక్క

ఇద్దరు కూర్చుండి ఎగురగల చిన్న విమానమును నిర్మించుట సులభమని శ్రోతలలో కొందరు తలంపవచ్చును. విమానము చిన్నదైనకొలది నిర్మాతకు చిక్కులు పెరుగునని మేము మనవి చేయుచున్నాము.

పెక్కు ఐరోపా దేశములలో అతితేలిక విమానమునకు దీర్ఘకాలము 450 కిలోల హద్దు ఉండెడిది. ఇద్దరు మనుష్యులకు 160 కిలోలు, పెట్రోలునకు 40 కిలోలు తీసివేసినచో మిగులునవి 250 కిలోలే. ఇంజను, రెక్కలు, చక్రములు సమస్తమును అందులోనే ఇమడవలెను. అందుచేత పెక్కుమంది నిర్మాతలు లోహమునకు బదులు గాజు, కార్బను నారలను రెజినుతో అతికి రెక్కలు చేసిరి. ఆపత్సమయమున విమానమునంతటిని మోసి దింపు పారాషూటును అమర్చినచో మరి 22.5 కిలోలకు అనుమతి లభించెడిది.

స్లొవేనియా దేశపు పిపిస్ట్రెల్ సంస్థ ఇట్టి నారలతోనే ‘వైరస్’ అను విమానమును నిర్మించినది. ఆ వంశమున పుట్టిన ‘వెలిస్ ఎలక్ట్రో’కు 2020 జూనులో ఐరోపా విమాన భద్రతా సంస్థ ధ్రువపత్రము నొసగినది. విద్యుత్తుతో నడచు విమానమునకు అట్టి పత్రము లభించుట అదే ప్రథమము. దీని హద్దు 600 కిలోలు. బ్యాటరీలతో కూడి ఖాళీ విమానము 428 కిలోలు తూగును. మనుష్యులకు మిగులునవి 172 కిలోలే.

పెట్రోలు ఖర్చయినకొలది విమానము తేలికపడును. బ్యాటరీ మాత్రము నేల దిగువరకు బరువు తగ్గదు. అధికముగా పెట్టుటకు తావులేదు. కావున ఇది ఎగురునది సుమారు 50 నిమిషములే. పొగలేదు, మ్రోత తక్కువ. గురువు ప్రక్కన కూర్చుండి శిష్యుడు పాఠము నేర్చుటకు అంత కాలము చాలును. దూరప్రయాణము కావలెనన్నచో ముందు బ్యాటరీ బరువు తగ్గవలసినదే.