నోరు ఎండిపోతోందా? దాహమేనా, ఉమ్మెత్త ప్రభావమా?

దశపర్ణి కషాయం వీడియో చూసి డ్రమ్ము పెట్టుకునేవాళ్లు ముందుగా ఈ నాలుగు మాటలు చదవండి.

బాన్సువాడ దిక్కు మే నెలల ఎండ 40 డిగ్రీలు దాటుతది. ఆకులు కోసి, దంచి, కలిపేసరికి నోరు పిడచగట్టుకుపోతే ఎండ వల్లే అనుకుంటాం. చాలాసార్లు అదే నిజం. నీళ్లు తాగి నీడకు కూర్చుంటే కాసేపట్లో నోరు తడి అయితది. ఎన్ని నీళ్లు తాగినా నాలుక అంగిలికి అతుక్కుంటుంటే మాత్రం, ఆ రోజు చేతిలో ఉమ్మెత్త ఉందా అని చూసుకోవాలి.

మన నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతది. ఊరమని గ్రంథులకు కబురు మోసేవి నరాలు. ఉమ్మెత్త ఆకు, పువ్వు, గింజ అన్నిట్లో ఉండే అట్రోపిన్ లాంటి పదార్థాలు ఆ కబురును గ్రంథి దగ్గరే ఆపేస్తాయి. అందుకే నీళ్లు తాగినా లాభం కనపడదు. నోటితో పాటు చెమట ఆగిపోతది, ఒళ్లు ఎర్రగా వేడిగా అయితది, కంటిపాప పెద్దదై చూపు మసకబారుతది, గుండె దడదడలాడుతది, మూత్రం రాదు. మోతాదు ఎక్కువైతే మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు.

మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందు విషం ఎక్కితే దీనికి పూర్తిగా ఉల్టా. నోట్లో చొంగ కారుతది, చెమటలు పోస్తాయి, కంటిపాప సూది మొనంత అయితది. ఆసుపత్రిలో దానికి ఎక్కించే మందు అట్రోపిన్‌యే. అంటే డాక్టర్లు కొలిచి ఇచ్చే మందు మన డ్రమ్ములో కొలత లేకుండా ఉన్నట్టు. ఆకే కదా, ఏమైతది అనే ధీమా పనికిరాదు.

దశపర్ణికి 2 కిలోల ఉమ్మెత్త ఆకు వేస్తాం. కోసేటప్పుడు, దంచేటప్పుడు చేతులకు గ్లౌజులు, ముఖానికి గుడ్డ ఉండాలి. ఆ చేతులతో కళ్లు నలపొద్దు, బీడీ ముట్టొద్దు, సద్దిమూట విప్పొద్దు. వంటింటి రోలు, మిక్సీ అసలే వాడొద్దు. వడగట్టిన కషాయాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టడం అన్నిటికంటే ప్రమాదం, పిల్లలు తాగేస్తారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఉమ్మెత్త మానేసి వేప, కానుగ, సీతాఫలం, వావిలి లాంటి ఆకులతోనే చేసుకోండి అంటాను నేను.

పై లక్షణాలు కనపడితే చేతులు, నోరు కడిగించి 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో ఏమీ పోయొద్దు. తిన్న ఆకో కాయో దొరికితే వెంట తీసుకుపోండి. వడదెబ్బ ముదిరినా ఒళ్లు కాలిపోయి తికమక మాటలు వస్తాయి. ఏదో తేల్చుకుందామని ఇంటికాడ కూర్చోవద్దు, రెండిటికీ ఆసుపత్రే.

ఇక ఏ ఉమ్మెత్తా ముట్టకుండానే వారాల తరబడి నోరు ఎండుతుంటే అది వేరే సంగతి. దాహం, మాటిమాటికి మూత్రం కూడా ఉంటే షుగర్ పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. జలుబు, ఎలర్జీ గోలీలు, కొన్ని బీపీ గోలీలు కూడా నోరు ఎండబెడతాయి. సొంతంగా ఆపకుండా గోలీల పట్టీలన్నీ పట్టుకుపోయి డాక్టరుకు చూపించండి. గుట్కా, బీడీ, మందు నోటిని ఇంకా ఎండగొడతాయి.

ఈలోపు గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతూ ఉండండి. చక్కెర కలపని సోంపు నమిలితే లాలాజలం ఊరుతది. ఉసిరి, నిమ్మ కూడా ఊరిస్తాయి గానీ, తడి లేని నోట్లో పులుపు పళ్లను తింటది, రోజంతా చప్పరించొద్దు. చాక్లెట్ బిళ్లలు వద్దే వద్దు. కడిగే లాలాజలం లేక పళ్లు తొందరగా పుచ్చిపోతాయి, అందుకని రాత్రి పడుకునే ముందు కూడా పళ్లు తోముకోవాలి.