ఎఫ్రాయిము వంతు

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో అన్నదమ్ములు వేరుపడు వేళ, పెద్దమనుషులు ముందుగా పొలము చుట్టు తిరిగి, నల్లరేగడి ఎంత, చౌడు ఎంత, నీరందు చెక్క ఏది, బండిదారి ఏ వైపునకు పడును అని విచారించి, బోరు నీటితో మిరప పండు ఎకరమును వాననే నమ్ముకొని పత్తి వేయు ఎకరముతో సమముగా ఎంచక, మంచిదానిలో కొంత తగ్గించి చెడ్డదానిలో కొంత హెచ్చించి పాళ్లు సరిచేసిన పిదప, ఏ పాలు ఎవరిదో తేల్చు పనిని మాత్రము చీట్లకు అప్పగింతురు. చీట్లు చుట్టి చెంబులో వేసి ఒక పసివానిచేత తీయింతురు. వచ్చినదాని ప్రకారము పారీఖత్తు వ్రాయించుకొందురు. మనుష్యుడు తీర్చిన తీర్పుపై పక్షపాతమన్న మాట ఎన్నటికైనను పుట్టును. చీటికి చుట్టరికము లేదు.

ఇశ్రాయేలు గోత్రములు కనాను దేశమును పంచుకొన్న వృత్తాంతము బైబిలులోని యెహోషువ గ్రంథమున సవిస్తరముగా ఉన్నది. మన రైతు దానిని చదివినచో అందలి పనితీరు అతనికి క్రొత్తగా తోచదు. యూదా, ఎఫ్రాయిము, మనష్షే గోత్రములకు భాగములు ఏర్పడిన పిమ్మట ఇంకను ఏడు గోత్రములు భూమి లేక నిలిచియుండగా, యెహోషువ గోత్రమునకు ముగ్గురు చొప్పున మనుష్యులను పంపి, దేశమంతయు నడచి చూచి, ఊరూరి వివరము వ్రాసి, ఏడు భాగములుగా చేసి తెమ్మని ఆజ్ఞాపించెను. వారు తెచ్చిన ఆ పుస్తకమును ముందుంచుకొని, షిలోహులో ప్రత్యక్షపు గుడారపు వాకిట, యాజకుడైన ఎలియాజరును గోత్రముల పెద్దలును చూచుచుండగా చీట్లు వేసిరి. మందియెక్కువైన గోత్రమునకు ఎక్కువ, తక్కువైనదానికి తక్కువ అను నియమము మోషే కాలపు జనసంఖ్యనాడే ఏర్పడియుండెను. యూదావారి భాగము వారి అవసరమునకు మించినదని తేలినపుడు, అందులోనుండియే షిమ్యోను గోత్రమునకు వంతు తీసి యిచ్చిరి. సర్వసేనకును నాయకుడైన యెహోషువ మాత్రము, అందరి పంపకములును ముగిసిన తరువాత, కొండసీమలో తిమ్నత్సెరహు అను ఒక్క ఊరిని అడిగి పుచ్చుకొనెను. నాయకుడు అందరికంటె వెనుక పుచ్చుకొన్న ఆ సంగతి నాకు ఆ గ్రంథమంతటిలోను మిక్కిలి ప్రీతికరమైనది.

ఇదంతయు వ్రాసినది వ్రాసినట్లే జరిగినదని చరిత్రకారులందరును ఒప్పుకొనరు. ఈ సరిహద్దుల పట్టికలు తరువాతి రాజుల కాలమున రూపొందినవని పలువురి అభిప్రాయము. ఆ భూమి అంతకుముందు కనానీయులదని, యుద్ధము చేసి గైకొన్నదని ఆ గ్రంథమే చెప్పుచున్నది. పంపకపు న్యాయమును మెచ్చుకొనువారు ఆ సంగతిని మరచుట న్యాయము కాదు.

అయినను, ఒక కుటుంబమునకు వచ్చిన నేల ఆ కుటుంబమును విడిచి శాశ్వతముగా పోరాదన్న పట్టుదల మోషే ధర్మశాస్త్రమున అడుగడుగునను కానవచ్చును. అప్పులపాలై పొలము అమ్ముకొన్నవానికి, యాబదవ సంవత్సరమైన సునాద సంవత్సరమున అది తిరిగి రావలెను. కనుక కొన్నవాడు మధ్యకాలపు పంటలకు మాత్రమే వెలయిచ్చినట్లు లెక్క. పొరుగువాని సరిహద్దురాయిని జరుపుట శాపగ్రస్తమైన పాపము. రాజైన అహాబు వెల యిచ్చెదననినను నాబోతు తన పితరుల ద్రాక్షతోటను అమ్మనని పలికి ప్రాణము కోల్పోయెను. లేవీ గోత్రమునకు మాత్రము ప్రత్యేక భాగము లేదు. వారికి తక్కిన గోత్రముల నడుమ 48 పట్టణములును, వాటి చుట్టు పశువుల మేతకు బీళ్లును ఇచ్చి, పంటలో దశమభాగము ఏర్పరచిరి.

ఆడుబిడ్డల మాట అక్కడను వచ్చినది. మనష్షే గోత్రమువాడైన సెలోపెహాదు కుమారులు లేక మరణింపగా, అతని అయిదుగురు కుమార్తెలు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనువారు, మోషే యెదుట నిలిచి తండ్రి భాగము తమకిమ్మని అడిగిరి. వారి మాట న్యాయమని తీర్పు వచ్చెను. తరువాత గోత్రపెద్దలు ఆక్షేపించిరి: వీరు పరగోత్రమువారిని పెండ్లాడినచో మన భూమి వారి పాలగును గదా! అందుచేత స్వగోత్రమునందే వివాహమాడవలెనను నిబంధన ఏర్పడినది. ఆడపిల్లకు పొలమిచ్చినచో అది అల్లుని ఊరికి పోవునని మన ఇండ్లలో పెద్దలు పలుకు మాటయు ఇదియే. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతో హక్కు కల్పించిన ఆంధ్రప్రదేశ్ సవరణచట్టము 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చినను, ఆనాటికే పెండ్లియైనవారిని విడిచిపెట్టినది. ఆ భేదము దేశవ్యాప్తముగా 2005లో గాని తొలగలేదు.

ఇక ఎఫ్రాయిము సంగతి. యోసేపు కుమారులైన ఎఫ్రాయిము, మనష్షే వంశీయులు యెహోషువ యొద్దకు వచ్చి, తాము బహుజనమై యుండగా ఒక్క చీటిని, ఒక్క వంతునే తమకిచ్చుట యేమని అడిగిరి. యెహోషువ తానును ఎఫ్రాయిమువాడే. అయినను స్వజనమునకు మరియొక చీటి తీయక, కొండపై నున్న అడవిని నరికి సాగుచేసికొండనెను. చాలదని అడుగు ధైర్యము వారికుండెను, అడుగుటకు ఒక వంతును ఉండెను. క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరు రాజులు ఎఫ్రాయిము చేరియున్న ఇశ్రాయేలు ఉత్తర రాజ్యమును కూల్చి జనులను చెరగొనిపోగా, ఆ పేరుగలవారు చరిత్రలో చెదరిపోయిరి.

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమను గ్రామమున, తాము ఆ ఎఫ్రాయిము సంతతివారమని నమ్ము కొన్ని పదుల కుటుంబములున్నవి. బెనె ఎఫ్రాయిము అని వారి పేరు, కులమునుబట్టి మాదిగలు. పూర్వము క్రైస్తవులైన వీరు, యాకోబి సోదరుల నాయకత్వమున 1980ల చివర యూదమతమును బహిరంగముగా స్వీకరించి, ప్రార్థనామందిరము కట్టుకొని, విశ్రాంతిదినమును పస్కాపండుగను ఆచరించుచున్నారు. మాదిగలలో తరతరములుగా నున్న శవఖననమును, గొడ్డుమాంస భోజనమును తమ ప్రాచీనాచారముల అవశేషములుగా వారు చెప్పుదురు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వారి జీవితముపై రచించిన గ్రంథము 2013లో వెలువడినది. మణిపురము, మిజోరములలోని బ్నెయ్ మెనాషే అను సమూహమును ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు 2005లో గుర్తించిరి. కొత్తరెడ్డిపాలెము వారికి అట్టి గుర్తింపు రాలేదు.

వంశము నిజమా కాదా అని తూచువారు తూచుదురు గాక. నా మనస్సును పట్టి నిలుపునది వేరొకటి: వీరిలో అధికులు పరుల పొలములలో కూలిచేసి బ్రతుకువారు. ఆ భూపంపకపు కథ వీరి పల్లెలకు చేరినదియు అట్టి బీదల మధ్యనే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టు పుచ్చుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి, వారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. చెప్పులు కుట్టి, మోటబొక్కెనలు కట్టి, ఇతరుల కల్లములలో ధాన్యము తూర్పారబట్టిన చేతులు, ప్రతి గోత్రమునకును కుటుంబము చొప్పున భూమి పంచిన గ్రంథమును అందుకొన్నవి. ఆ పంపకమును విన్నవారిలో ఎందరు తమ పాలు ఎక్కడ అని లోలోపల తలంచిరో!

ఆ ప్రశ్నకు రాజ్యము ఇచ్చిన సమాధానములు రెండు చెప్పదగినవి. 1973 భూపరిమితి చట్టము నేల తరగతినిబట్టి ఒక కుటుంబమునకు మాగాణి 10 మొదలు 27 ఎకరములు, మెట్ట 35 మొదలు 54 ఎకరములు హద్దుగా నిర్ణయించినది. మిగులు తేలినది భూమిలేనివారికి పంచవలెను. పంచిన భూమి చేజారకుండుటకు 1977లో వచ్చిన అసైన్డు భూముల చట్టము, భూమిలేని బీదకు సర్కారిచ్చిన నేలను అమ్మిన అమ్మకము చెల్లదని, కొన్నవానినుండి దానిని తిరిగి తీసికొని మొదటివానికి అప్పగింపవచ్చునని శాసించినది. సునాద సంవత్సరపు భావము, ఎవరు తలంచి వ్రాసినను వ్రాయకున్నను, ఆ చట్టమున ఉన్నది. 2023 సవరణ ఇరువది యేండ్లు దాటిన అసైన్డు సాగుభూములను నిబంధనలకు లోబడి అమ్ముకొను హక్కు నిచ్చినది. హక్కు వచ్చుట గౌరవమే, కాదనను. కాని కూతురి పెండ్లికో ఆసుపత్రి ఖర్చుకో ఆ ఎకరము నమ్ముకొన్న కూలికుటుంబమునకు, యాబదవ యేట దానిని తిరిగి తెచ్చియిచ్చు నియమము ఆ సవరణలో లేదు.