ముల్లు లేచేదాకా ఆపొద్దు

డిసెంబరులో ఒక ఆదివారం రాత్రి ఎనిమిదింటికి షెడ్డు షట్టరు దించుతుంటే మా అక్క కొడుకు వీడియో కాల్ చేశాడు. వాడుండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. అక్కడ అప్పుడు పొద్దున తొమ్మిదిన్నర. ఉన్ని టోపీలోంచి ముక్కొక్కటే ఎర్రగా కనిపిస్తోంది.

"మామా, బండి స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ కొడితే తిరుగుతా ఉంది గానీ అంటుకోలేదు."

"నిన్న నడిచిందా?"

"నిన్న బాగానే నడిచింది. పొద్దున పక్క బండికి దారి కావాలంటే స్టార్ట్ చేసి, నాలుగడుగులు ముందుకు జరిపి ఆపేసినా. అంతే."

"ఓవర్‌ఫ్లో అయిందిరా. అరగంట ముట్టుకోకుండా వదిలెయ్. అదే అంటుకుంటాది" అన్నాను. ధర్మపురిలో సేలం రోడ్డు పక్కన నలభై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నవాడి ధీమా అది. సగం సరైన మాటే. తప్పిన సగం నాకు తెలిసేసరికి వారం పట్టింది. ఎందుకంటే వాడి బండి మజ్దా ఆర్ఎక్స్-8. దాని ఇంజనులో పిస్టన్లు లేవు.

మా ఇంట్లో తెలుగు, షెడ్డులో తమిళం, బెంగళూరు వైపునుంచి లారీ వస్తే కన్నడం. మూడు భాషల్లోనూ ఈ జబ్బు పేరు మాత్రం ఓవర్‌ఫ్లోనే. ఇంజను లోపలికి కావలసినదానికంటే ఎక్కువ పెట్రోలు వెళ్లి, ప్లగ్గు తడిసి, నిప్పు పుట్టకపోవడం. పెట్రోలు ఎక్కువైతే ఇంకా బాగా మండాలి కదా అని అడుగుతారు చాలామంది. దీపం వత్తిని నూనెలో ముంచేసి చూడండి, కొండెక్కుతుంది. మండేది పెట్రోలు కాదు, గాలిలో కలిసిన పెట్రోలు ఆవిరి. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి మొదట్లో కొంచెం ఎక్కువే పోయాలి. చోక్ లాగేది అందుకే. ఆ కొంచెం ఎక్కడ ఆగాలో తెలియకపోవడమే ఓవర్‌ఫ్లో.

నేను పని నేర్చుకున్నది యెజ్డీ బండ్ల మీద. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు చేసిన టూస్ట్రోకు. దాని కార్బొరేటరు పక్కన చిన్న బొత్తాం ఉండేది. చలికాలం పొద్దున దాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే ఫ్లోటు కిందికి దిగి పెట్రోలు పొంగి బయటికి కారేది. రెండు చుక్కలు కారగానే వేలు తీసి కిక్ కొట్టాలి. కిక్ రాడ్డే మళ్లీ గేరు రాడ్డు, అది వేరే ముచ్చట. కొత్త కుర్రాళ్లు ఆత్రంగా నొక్కుతూనే ఉండేవాళ్లు. ఆ తర్వాత యాభై కిక్కులు కొట్టినా బండి దగ్గేది తప్ప లేచేది కాదు. మా గురువు వచ్చి, మాటైనా ఆడకుండా పెట్రోలు ట్యాపు మూసేసి, ప్లగ్గు విప్పి ఎండలో రాయి మీద పెట్టేవాడు. యాక్సిలేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని, ప్లగ్గు లేకుండానే పది కిక్కులు కొట్టించేవాడు. ప్లగ్గు కన్నంలోంచి పెట్రోలు తుంపర్లుగా బయటికొచ్చేది. బీడీ కాల్చేవాడెవడైనా దగ్గర్లో ఉంటే మాత్రం మా గురువు నోరు అప్పుడు తెరుచుకునేది.

కార్లలో ఇదే జబ్బు ఇంకో రకంగా వచ్చేది. దానికి మా ఊరి దారే కారణం. సేలం నుంచి ధర్మపురి రావాలంటే తొప్పూరు ఘాటు ఎక్కాలి. మే నెలలో హొగెనకల్ చూద్దామని అంబాసిడర్లోనో ప్రీమియర్ పద్మినిలోనో ఆరేడుగురు కూర్చుని ఘాటెక్కి, పైకొచ్చాక టీ తాగడానికి ఆపేవాళ్లు. బండి నడుస్తున్నంత సేపూ ఫ్యాను గాలి, ఎదురు గాలి తగులుతుంటాయి. ఆపగానే ఆ రెండూ పోతాయి, ఇంజను వేడి మాత్రం ఎక్కడికీ పోదు, కార్బొరేటరుకు ఎక్కుతుంది. గిన్నెలో ఉన్న పెట్రోలు ఉడికి పొంగి లోపలికి దిగుతుంది. టీ తాగొచ్చి సెల్ఫ్ కొడితే బండి రాదు. పెట్రోలు అందట్లేదనుకుని యాక్సిలేటరును టపటపా తొక్కుతారు. తొక్కిన ప్రతిసారీ కార్బొరేటరులోని చిన్న పంపు ఇంకో చిమ్ము పెట్రోలు లోపలికి కొడుతుంది. మునిగినవాడి మీద మళ్లీ నీళ్లు పోసినట్టు. బానెట్ ఎత్తి పదిహేను నిమిషాలు ఆగి, యాక్సిలేటరు ఒక్కసారి కిందిదాకా తొక్కిపెట్టి, కాలు కదపకుండా సెల్ఫ్ కొడితే చాలు. ఈ ఒక్క మాట చెప్పి డబ్బులు తీసుకోలేక ఎన్ని వందల బండ్లను ఊరికే పంపానో లెక్కలేదు.

ఇప్పుడు షెడ్డులో చేరే పిల్లలకు ఇదేదీ తెలియదు. కార్లలో కార్బొరేటర్లు ఎప్పుడో పోయాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలోనూ దాదాపు పోయాయి. పెట్రోలు ఎంత చిమ్మాలో కంప్యూటరు చూసుకుంటుంది. అందుకే ఇంజెక్షన్ బండి ఓవర్‌ఫ్లో అయిందంటే నాకు కొంచెం వింతగానే అనిపించింది.

అరగంట ఆగి మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. రాలేదు. ఫోను బానెట్ కింద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. మామూలు ఇంజనుకు సెల్ఫ్ కొడితే ఊపిరి పీల్చి వదిలినట్టు ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. పిస్టన్ గాలిని నొక్కే దెబ్బ అది. వాడి బండి మిక్సీ తిరిగినట్టు ఒకే శ్రుతిలో గిర్రుమంది. దెబ్బే లేదు. అంటే కంప్రెషనే లేదు. యాక్సిలేటరు మొత్తం తొక్కి కొట్టమన్నాను. మూడు సార్లు కొట్టేసరికి బ్యాటరీ కూడా దిగిపోయింది. ఆ వారంలో అక్కడి మెకానిక్కొకడు చూసి, ఇంజను పోయింది, మార్చాలి అని తేల్చేశాడట. నిన్నటిదాకా నడిచిన ఇంజను నాలుగడుగుల్లో ఎట్లా పోతుంది? నాకు నిద్ర పట్టలేదు. వాడు పంపిన వర్క్‌షాప్ మాన్యువల్ పేజీలు ఫోనులో పెద్దవి చేసుకుంటూ రోజూ రాత్రి చదివాను.

రోటరీ ఇంజను అంటే ఏమిటో మా ఊరి వస్తువులతోనే చెబుతాను. రెండు గింజల వేరుశనక్కాయను నిలువుగా చీలిస్తే నడుం దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది కదా, ఇంజను గది లోపలి ఆకారం అదే. దాంట్లో పక్కలు ఉబ్బిన సమోసా లాంటి ఇనుప ముక్క తిరుగుతుంది. అది రోటరు. దాని మూడు కొసలూ ఎప్పుడూ గది గోడను రాసుకుంటూనే పోతాయి. అందువల్ల రోటరుకూ గోడకూ మధ్య మూడు గదులు ఏర్పడి, తిరుగుతూ పెరుగుతాయి, తగ్గుతాయి. ఒకటి గాలీ పెట్రోలూ పీలుస్తుంటే ఇంకొకటి నొక్కుతుంటుంది, మరొకటి మండి బయటికి నెడుతుంటుంది. వాల్వులు లేవు, పైకీ కిందికీ కొట్టుకునే ముక్కా లేదు. రోటరు ఒక చుట్టు తిరిగితే షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. ఆర్ఎక్స్-8లో ఇలాంటి రోటర్లు రెండు. ఒక్కోదానికి రెండు ప్లగ్గులు.

దీన్ని ఆలోచించినవాడు జర్మనీలో 1902లో పుట్టిన ఫెలిక్స్ వాంకెల్. ఎన్‌ఎస్‌యూ అనే కంపెనీలో మొదటి ఇంజను 1957లో తిరిగింది. తర్వాత చాలా కంపెనీలు దీన్ని చేపట్టి వదిలేశాయి. గట్టిగా పట్టుకున్నది హిరోషిమాలోని మజ్దా. మనకు మజ్దా అంటే స్వరాజ్ మజ్దా వ్యానులే గుర్తు, వాటిలో ఉన్నది మామూలు డీజిల్ ఇంజనే. మజ్దాలో కెనిచి యమమోటో అనే ఇంజనీరు కింద 47 మంది పని చేశారు. వాళ్లను ఏడిపించింది ఆ మూడు కొసలే. కొసకొక సన్నటి సీలు పట్టీ ఉంటుంది. అది గోడ మీద అదురుతూ గీతలు పెట్టేది. ఆ గీతలకు వాళ్లు పెట్టుకున్న పేరు 'దయ్యం గోళ్లు'. ఆ చిక్కు విప్పాక 1967లో కాస్మో స్పోర్ట్ వచ్చింది. 1991లో నాలుగు రోటర్ల 787బీ లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. మావాడి ఆర్ఎక్స్-8 రకం తయారీ 2012లో ఆగిపోయింది.

నా తప్పు ఆ సీలు దగ్గరే ఉంది. పిస్టన్‌కు చుట్టూ రింగులుంటాయి, పెట్రోలు కాస్త కడిగినా కంప్రెషన్ పూర్తిగా దిగిపోదు. రోటరు కొసన ఉన్న సీలు సన్నటి పట్టీ. గోడకూ దానికీ మధ్య గాలి జారకుండా ఆపడంలో నూనె పొరకు పెద్ద పాలుంది. అందుకే ఈ ఇంజను మన టూస్ట్రోకు బండిలా కావాలనే కొంచెం కొంచెం ఇంజన్ ఆయిల్ తాగుతూ ఉంటుంది. చలిలో స్టార్ట్ చేయగానే కంప్యూటరు పెట్రోలు ధారాళంగా చిమ్ముతుంది. ఇంజను వేడెక్కి ఆ పెట్రోలు మండిపోకముందే తాళం తిప్పి ఆపేస్తే అది గదుల్లోనే మిగిలి, గోడల మీది నూనెను కడిగేస్తుంది. ఇక కంప్రెషన్ ఉండదు. ప్లగ్గులు తడి. సెల్ఫ్ కొట్టిన కొద్దీ ఇంకా పెట్రోలు. నేను చెప్పిన అరగంటలో పెట్రోలు కొంత ఆరిందేమో గానీ, పోయిన నూనె తిరిగి రాదు కదా.

మరుసటి ఆదివారం అదే వేళకు మళ్లీ కూర్చున్నాం. బ్యాటరీ రాత్రంతా చార్జింగులో పెట్టించాను. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే ఈ ఇంజను చచ్చినా అంటుకోదు. తర్వాతి మోడళ్లకు మజ్దా వేగంగా తిరిగే స్టార్టరు పెట్టింది కూడా. ముందు చక్రం తీయించి, దాని వెనకనుంచి నాలుగు ప్లగ్గులూ విప్పించాను. కింది ప్లగ్గూ పై ప్లగ్గూ ఒకటి కావు, తారుమారైతే కష్టం. అందుకని వాటిని విప్పిన వరసలోనే అట్టముక్క మీద గుచ్చమన్నాను. నాలుగూ నల్లగా, తడిగా ఉన్నాయి. పెట్రోలు పంపు ఫ్యూజు పీకించాను. కాయిల్ కనెక్షన్లు తీయించాను, లేకపోతే బయటికి చిమ్మే పెట్రోలు మీద నిప్పురవ్వ పడుతుంది. గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిపించాను. "ఎవురైనా సిగరెట్ కాలుస్తాండారా?" అని అడిగాను. మా గురువు నోరే అది.

పది సెకన్లు సెల్ఫ్, ఒక నిమిషం విరామం. ఇలా నాలుగు సార్లు. కన్నాల్లోంచి చిమ్మిన పెట్రోలు కింద పరిచిన పాత తువ్వాలు మీద పడింది. తువ్వాలు తీసి బయట పడేయమన్నాను. తర్వాత ఒక్కో రోటరు గదిలోకి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, తేలికగా ఒకసారి తిప్పి, ఇంకో చెంచాడు.

"ఇప్పుడు ఫోను దగ్గర పెట్టి కొట్టు."

మిక్సీ శబ్దం పోయింది. చఫ్, చఫ్, చఫ్ అని కన్నాల్లోంచి విడివిడిగా దెబ్బలు. షెడ్డులో ఒక్కణ్నే ఉన్నా పైకే నవ్వేశాను.

కొత్త ప్లగ్గులు, కనెక్షన్లు, ఫ్యూజు. యాక్సిలేటరు కిందిదాకా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నాను. అలా తొక్కితే ఆ కంప్యూటరు పెట్రోలు చిమ్మడం ఆపేస్తుంది, మనం పెట్రోలు ట్యాపు మూసినట్టే. రెండోసారి దగ్గింది. దగ్గగానే కాలు మెల్లగా వదలమన్నాను. మూడోసారి అంటుకుంది. పోసిన నూనె కాలి వెనకనుంచి తెల్లటి పొగ వీధంతా కమ్మేసింది. ఎదురింటి ఆయన పరుగెత్తుకొచ్చాడు. మావాడు బెదిరిపోయి తాళం మీద చెయ్యి వేశాడు.

"ఆపొద్దురా! ముల్లు లేచేదాకా ఆపొద్దు!" అని అరిచాను. రోడ్డు మీద పోయే సైకిలు మనిషి ఆగి నావైపు చూశాడు.

వాడు ఫోనును డాష్‌బోర్డుకు ఆనించాడు. ఇంజను వేడి చూపించే ముల్లు అట్టడుగున ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఎదురింటాయనకు వాడు ఇంగ్లీషులో ఏదో సర్దిచెబుతున్నాడు. ఏడెనిమిది నిమిషాలకు ముల్లు కదిలింది, పొగ పలచబడింది, నా టీ మీద మీగడ కట్టింది.

"మామా, ఇప్పుడు ఆపి చక్రం నట్లు బిగించేదా?"

"ఇంకొంచేపు ఉండనీ" అన్నాను.