దారిలో దిగిన గాలి

నేడు మన ఊళ్ళ నుండి పంటను అంగడికి చేర్చుచున్నది చాలవరకు పికప్ బండియే. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండు గది, వెనుక తెరచిన తొట్టి, ఆ తొట్టిలో టన్నుకు పైగా బరువు. మదనపల్లె టమాటా మార్కెట్టుకును, గుంటూరు మిరప యార్డుకును, హైదరాబాదులోని బోయినపల్లికిని తెల్లవారుసరికి చేరవలెనని ఇవి రాత్రివేళ బయలుదేరును. వాటిని నడపువాడు ఏదో ఒక ఇంటి కొడుకో, అల్లుడో, తమ్ముడో అయియుండును. దారిలో టైరు గాలి దిగినదని అతడు ఫోను చేసినచో, "చక్రము మార్చుకొని వచ్చును, అందులో ఏమున్నది?" అని ఇంటివారు తిరిగి పడుకొందురు. చక్రము మార్చుట నిజమునకు పెద్ద విద్య కాదు, అరగంట పని. అయితే ఆ అరగంటసేపు ఆ మనుష్యునికి రెండు బండ్ల వలన అపాయము కలదు. ఒకటి వెనుక నుండి వేగముగా వచ్చు పరాయి బండి. రెండవది అతడు జాకీతో పైకెత్తిన తన బండియే. నట్లు విప్పుట, బిగించుట అందరికిని తెలిసినవే కనుక, ఈ రెండు బండ్లను గురించియే మేము ఎక్కువగా చెప్పదలచితిమి.

గాలి దిగినదని తెలియగానే బ్రేకు గట్టిగా నొక్కరాదు. ముందు టైరు దిగినచో స్టీరింగు ఒక ప్రక్కకు లాగును; వెనుకది దిగినచో బండి తోక ఊగినట్లు ఊగును. రెండు చేతులతోను స్టీరింగును నిలుకడగా పట్టుకొని, యాక్సిలరేటరు మీద కాలు తీసి, వేగమును దానంతట అదే తగ్గనిచ్చి, ఎడమ అంచునకు చేర్చవలెను. నాలుగు మూలల దీపములు మినుకుమినుకుమను మీటను వెంటనే వేయవలెను.

ఆపు చోటును ఎంచుకొనుట అన్నిటికంటె ముఖ్యమని మా అభిప్రాయము. మలుపులోను, వంతెన మీదను, ఎత్తు ఎక్కి దిగు చోటను ఆపిన బండి వెనుక వచ్చువారికి చివరి క్షణము వరకు కనబడదు. సమతలమైన, గట్టి నేల గల చోటు దొరకువరకు నడక వేగముతో బండిని తీసికొని పోవలెను. అట్లు పోయినచో టైరు నలిగి పాడగునని డ్రైవర్లు జంకుదురు. పాడగుట నిజమే, ఒక్కొక్కప్పుడు రిమ్ము కూడ వంగును. కాని టైరు ధరను మిగుల్చుకొనుటకై రోడ్డు మధ్య కూర్చుండువాని పొదుపును మేము పొదుపనజాలము. మన దేశమున బండ్లు ఎడమ ప్రక్కన నడచును గనుక, కుడి వైపు టైరు మార్చువాని వీపు రోడ్డు మీదనే యుండును. అట్టి సందర్భమున బండి మరికొంత ఎడమకు దిగి తీరవలెను. దిగుటకు చోటే లేనిచో పనికి పూనుకొనక, జాతీయ రహదారులపై సహాయమునకు ఏర్పడిన 1033 నంబరుకు ఫోను చేయుట మేలు. ప్రాణాపాయమైనచో 112 ఉండనే యున్నది.

బండి ఆగిన తరువాత మొదట బయటికి తీయవలసినది జాకీ కాదు, ఎర్రని త్రికోణపు పలక. దానిని ఎంత దూరమున ఉంచవలెను? గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి ఒక్కొక్క సెకనుకు 22 మీటర్లు నడచును. నడపువాడు చూచి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయుసరికే 30 మీటర్లు దాటిపోవును. ఆపైన బండి నిలుచుటకు మరి అంతయు పట్టును. బరువుతోనున్న లారీకి ఇంకను ఎక్కువ. కావున బండికి పది అడుగుల వెనుక నిలిపిన త్రికోణము అలంకారమునకే పనికివచ్చును. మామూలు రోడ్డు మీద 50 మీటర్లు, నాలుగు వరుసల రహదారిపై 100 మీటర్లు తగ్గకుండ వెనుకకు నడచి, అక్కడ ఉంచవలెను. నడచునప్పుడు రోడ్డు అంచు దాటి, వచ్చు బండ్లను చూచుచు నడువవలెను. పెద్ద అంగ ఒకటి ముప్పాతిక మీటరుగా లెక్కించుకొనినచో 100 మీటర్లకు సుమారు 135 అంగలగును.

త్రికోణము లేనివారు చెట్టుకొమ్మలను విరిచి, రాళ్ళను పేర్చి రోడ్డు మీద పెట్టుట మన వైపు పాత అలవాటు. కొమ్మ వరకు క్షమింపవచ్చును. రాళ్ళ విషయమున మాత్రము మేము కఠినముగానే చెప్పవలసియున్నది. చక్రము మారినంతనే ఆ మనుష్యుడు బండి ఎక్కి పోవును. రాళ్ళు అక్కడనే యుండును. వాటిని మేము ఎన్నో రహదారులపై చూచుచున్నాము. తరువాత గంటకో రెండు గంటలకో, చీకటిలో, మోటారు సైకిలు మీద ఆలుమగలు ఆ దారినే వత్తురు. ఒకని బండికి కావలి కాసిన రాయి మరొకని తలకు ముప్పగును. రాయి పెట్టినవాడు దానిని తన చేతితో తీసి అవతల పారవేసిన తరువాతనే బండి ఎక్కవలెను.

బండిలోని వారందరును దిగవలెను. దిగి, బండి వెనుక గాని, రోడ్డును విడదీయు డివైడరు మీద గాని నిలువక, రోడ్డు అంచునకు అవతల దూరముగా నిలువవలెను. రాత్రియైనచో వెనుకనున్న ఎర్ర దీపములకు అడ్డుగా ఎవరును కూర్చుండరాదు. ఒకరు టార్చి పట్టుటయు, వెనుక వచ్చు బండ్లను కనిపెట్టియుండుటయు చేసినచో పనిచేయువాని మనస్సు నిశ్చింతగా పని మీద నుండును.

ఇక రెండవ బండి, అనగా మన బండి, సంగతి. హ్యాండ్ బ్రేకు లాగితిని, గేరులో ఉంచితిని, ఇది ఎట్లు కదలునని చాలమంది నమ్మకము. ఆ నమ్మకము నాలుగు చక్రములును నేలపై నున్నంతవరకే చెల్లును. దీనిని కొంచెము వివరింపవలెను. పికప్ బండ్లలో సాధారణముగా ఇంజను బలము ఒక పొడవైన కడ్డీ ద్వారా వెనుక చక్రములకు పోవును. ఆ రెండు చక్రముల నడుమ డిఫరెన్షియలు అను పండ్లచక్రముల పెట్టె కలదు. మలుపు తిరుగునప్పుడు బయటి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును నడువవలసియుండును గనుక, రెండును వేరువేరు వేగములతో తిరుగుటకు ఈ పెట్టె వీలు కల్పించును. రోడ్డు మీద మనకు మేలు చేయు ఈ ఏర్పాటే జాకీ వేసినప్పుడు కీడు చేయును. ఒక వెనుక చక్రమును పైకెత్తినచో, అది గాలిలో ఒక దిక్కునకును, నేలమీదిది రెండవ దిక్కునకును స్వేచ్ఛగా తిరుగగలవు. మధ్యనున్న కడ్డీని గేరు ఎంత గట్టిగా పట్టియున్నను ఫలము లేదు; బండి దొర్లును. హ్యాండ్ బ్రేకు అనేక బండ్లలో వెనుక చక్రములను మాత్రమే పట్టును; వాటిలో ఒకటి గాలిలోనున్నప్పుడు బండి యంతటిని నిలుపునది మిగిలిన ఒక్క చక్రమే. కొన్ని బండ్లలో ఆ బ్రేకు చక్రములను గాక మధ్య కడ్డీనే పట్టును. అప్పుడు గేరుకు చెప్పిన మాటయే దానికిని చెల్లును.

కావున హ్యాండ్ బ్రేకును, గేరును మానవలసిన పని లేదు. వాటినే నమ్మి కూర్చుండరాదు. నేలమీదనుండు చక్రములకు ముందు వెనుకల అడ్డుచెక్కలు పెట్టవలెను. వెనుక చక్రము మార్చునప్పుడు రెండు ముందు చక్రములకును, ముందు చక్రము మార్చునప్పుడు రెండు వెనుక చక్రములకును అడ్డు ఉండవలెను. గుండ్రని రాయి తానే దొర్లును గనుక అడ్డునకు పనికిరాదు. ఏటవాలుగా కోసిన రెండు జతల చెక్కలను వడ్రంగితో చేయించి, త్రాడు కట్టి సీటు క్రింద ఉంచుకొన్నచో ఎన్నేండ్లయినను పనిచేయును.

అదనపు చక్రమును జాకీ వేయుటకు ముందే దించుకొనవలెను. అనేక పికప్ బండ్లలో అది తొట్టి క్రింద, వెనుక భాగమున, గొలుసుకో తీగకో వ్రేలాడుచుండును. బండిని ఎత్తిన తరువాత దానికొరకు క్రిందికి దూరువారు కలరు. అది మిక్కిలి ప్రమాదము. ఈ చక్రమును మనము స్టెప్నీ అందుము. అది మొదట ఒక వీధి పేరని చాలమందికి తెలియదు. వేల్సు దేశములోని లనెల్లి పట్టణమున స్టెప్నీ వీధి కలదు. 1904లో అక్కడ డేవీసు సోదరులు, అనగా థామస్, వాల్టరులు, కార్లకు అదనపు చక్రమును తయారుచేసి అమ్మ మొదలిడిరి. అంతకుముందు గాలి దిగినచో దారిప్రక్కనే టైరు ఊడదీసి, ట్యూబు అతికి, మరల గాలి కొట్టుకొనుటయే గతి. ఇంగ్లండువారు ఆ మాటను మరచిరి గాని మన మెకానిక్కులు మరువలేదు.

దించిన స్టెప్నీని ఊరక ప్రక్కకు పడవేయక, జాకీ వేయు చోటికి దగ్గరగా చాసీ క్రిందికి అడ్డముగా త్రోయవలెను. జాకీ జారినను బండి దాని మీద పడి ఆగును. మనుష్యుని చేయి, కాలు దక్కును. చక్రము ఊడదీసిన తరువాత దిగిన టైరును ఆ చోట త్రోసి, స్టెప్నీని బయటికి తీసికొనవచ్చును.

జాకీకి ముందు మరొక పని కలదు. నట్లను ఒక్కొక్కటి సగము చుట్టు వదులు చేయవలెను. చక్రము నేలపైనున్నప్పుడే ఈ పని జరుగవలెను. గాలిలో చేసినచో చక్రము తిరుగుటయే గాక, మనము వేయు ఊపునకు బండి జాకీ మీద నుండి జారును. పానాను నట్టునకు తగిలించి, పిడి మన ఎడమ ప్రక్కకు వచ్చునట్లుంచి, క్రిందికి నొక్కినచో శరీరపు బరువు సాయపడును. పైకి లాగువారికి నడుము పట్టుకొనుట ఖాయము. కొన్ని పాత లారీలలో ఎడమ ప్రక్క నట్ల మర వ్యతిరేక దిశలో ఉండెడిది. ఎంతకును కదలని నట్టుతో పోరాడుటకు ముందు ఆ సంగతి చూచుకొనవలెను.

జాకీ గురించి గుర్తుంచుకొనవలసిన మాట ఒక్కటే: అది ఎత్తుటకు గాని, మోయుచు నిలుచుటకు కాదు. నూనెతో పనిచేయు జాకీలో బండి బరువంతయు ఒక చిన్న మూతయు, ఒక రబ్బరు వలయమును ఆపుచున్నవి. అవి అరిగినచో జాకీ సడిచప్పుడు లేక క్రుంగును. అందుచేత ఎత్తిన బండి క్రిందికి తలగాని, చేయిగాని పోనీయరాదు. జాకీ మీద వ్రాసిన బరువును బండి బరువుతో పోల్చి చూడవలెను. సరకు సగము దించగలిగినచో దించుటయే తెలివి.

కమాన్ కట్టలు గల వెనుక ఇరుసునకు, కట్టకు దగ్గరగా ఇరుసు క్రిందనే జాకీ ఉంచుట మంచిది. చాసీ క్రింద ఉంచినచో కట్టలు సాగి వ్రేలాడు వరకు బండిని ఎత్తుచునే యుండవలెను; ఎత్తు పెరిగినకొలది నిలుకడ తగ్గును. డిఫరెన్షియలు పెట్టె క్రింద పెట్టరాదు. అక్కడ జాకీ తల జారును. బండితో వచ్చిన పుస్తకములో చోటు గుర్తించియున్నచో దానినే పాటింపవలెను. నల్లరేగడి మీదను, వానకు నానిన మట్టి మీదను జాకీ భూమిలోనికి దిగును. వెడల్పైన చెక్క దాని క్రింద ఉండవలెను. గాలి పూర్తిగా దిగి ఇరుసు క్రింద జాకీ దూరనిచో, ఆ టైరును ముందుగా ఒక పలుచని చెక్కపైకి ఎక్కించినచో చోటు దొరకును. దిగిన టైరు ఊడుటకు చాలినంత ఎత్తు గాలి నిండిన టైరు ఎక్కుటకు చాలదు. ఆ అదనపు నాలుగు వ్రేళ్ళ ఎత్తును చక్రము ఊడదీయకముందే ఎత్తుకొనవలెను.

క్రొత్త చక్రమును రెండు చేతులతో ప్రక్కలనే పట్టుకొనవలెను. పైన పట్టినచో తొట్టికిని టైరుకును నడుమ వ్రేళ్ళు నలుగును. బరువనిపించినచో పానాను టైరు క్రింద మీట వలె దూర్చి లేపవచ్చును. నట్టు ఏటవాలు ముఖము రిమ్ము వైపునకు ఉండవలెను. ఒకదాని ప్రక్కది కాక, ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగించినచో చక్రము వంకర లేక కూర్చుండును. పూర్తి బిగింపు మాత్రము బండిని దించిన తరువాతనే. పానాకు గొట్టము తొడిగి ఎగిరి త్రొక్కుట బలమనిపించును గాని, దానివలన బోల్టు సాగి తరువాత తెగును.

యాబై కిలోమీటర్లు నడచిన తరువాత మరియొకసారి నట్లను బిగించి చూడవలెను; క్రొత్తగా కూర్చున్న చక్రము కొంత సర్దుకొనును. గాలి లేక నడచిన టైరులో వెంటనే గాలి నింపి బరువు వేయరాదు. దాని ప్రక్క గోడలు లోపల చిరిగియుండవచ్చును. అట్టిది గాలి కొట్టునప్పుడే పగిలినచో దగ్గరనున్నవానికి గాయము తప్పదు. పంక్చరు అంగడివాడు దానిని విప్పి లోపల చేయి పెట్టి చూచిన తరువాతనే గాలి పట్టవలెను. అతడు ఆ పనిలో నుండగా స్టెప్నీగా వచ్చిన చక్రములో గాలి ఎంత యున్నదో కూడ చూపించుకొనవలెను. నెలల తరబడి తొట్టి క్రింద దుమ్ములో వ్రేలాడిన చక్రమునకు గాలి సరిగా ఉండుట అరుదు. గాలి తక్కువైన టైరు బరువు క్రింద మాటిమాటికి మడతపడి వేడెక్కును. వేసవి ఎండలో మరి త్వరగా వేడెక్కి చిట్లును. ఖాళీ బండికి ఎంత గాలి, నిండు బండికి వెనుక చక్రములకు ఎంత గాలి అన్నది తరచుగా తలుపు అంచున అంటించిన చీటీలో ఉండును. టైరు చల్లగా నున్నప్పుడు ఆ లెక్క ప్రకారము పట్టించుకొనవలెను.